ఇంగ్లీషు వ్యాసాల్లో వ్యాకరణ దోషాలు: తెలుగు అభ్యాసకుల రాత

ఇంగ్లీషు మాతృభాష కానివారు ఆ భాషలో వ్యాసం రాసినప్పుడు ఇంగ్లీషు వ్యాకరణానికి పొసగని పదరూపాలు, పదక్రమాలు, వాక్య నిర్మాణాలు దొర్లుతుంటాయి. భాషాబోధన శాస్త్రం వీటిని అభ్యాసకుల వ్యాకరణ దోషాలంటుంది. స్పెల్లింగు తప్పులు, కామాలు ఫుల్‌స్టాపుల పొరపాట్లు, సందర్భానికి అతకని మాటలు కూడా ఎర్రసిరాకు చిక్కేవే అయినా వాటిని వేరే పద్దులో వేస్తారు. మాట్లాడేటప్పుడు జారే తప్పు చాలాసార్లు వినేవాడి చెవిన పడకుండానే పోతుంది. వ్యాసం సంగతి వేరు. రాసేవాడికి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, మళ్లీ చదివి దిద్దుకునే వీలుంటుంది. అంత వీలుండీ కాగితం మీద మిగిలిపోయిన తప్పు, రాసినవాడి మనసులో ఆ భాష ఏ రూపంలో ఉందో చూపిస్తుంది. దోషాల అధ్యయనానికి వ్యాసం మంచి ముడిసరుకు కావడానికి కారణం ఇదే.

తప్పులన్నీ ఒక జాతివి కావు. నియమం తెలిసి కూడా తొందరలోనో అలసటలోనో రాసేది పొరపాటు. ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే రాసినవాడే దిద్దుకుంటాడు. నియమం తెలియక, లేదా తనకు తోచిన మరో నియమాన్ని పాటిస్తూ రాసేది దోషం. చూపించినా అందులో తప్పేముందో అతనికి అంతుపట్టదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన పిట్ కార్డర్ 1967లో ప్రచురించిన వ్యాసంలో ఈ తేడాను స్పష్టంగా గీశాడు. చెప్పడానికి సులువే గాని ఆచరణలో కష్టం. ఒకే వ్యాసంలో మూడుచోట్ల సరిగా, రెండుచోట్ల తప్పుగా రాసిన విద్యార్థిని ఏ గాటన కట్టాలో కాగితం ఒక్కటే చూసి తేల్చలేం.

అధ్యయన చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలాకాలం దోషాల నింద మొత్తం మాతృభాష మీదే పడింది. మిచిగన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫ్రైజ్ 1945లో, రాబర్ట్ లాడో 1957లో వెలువరించిన పుస్తకాలు ఈ ఆలోచనకు పునాది వేశాయి. రెండు భాషల వ్యాకరణాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ తేడా ఉంటే అక్కడ అభ్యాసకుడు తడబడతాడని, కాబట్టి తప్పులను ముందే ఊహించవచ్చని వారి వాదం. దీన్ని భేదాత్మక విశ్లేషణ అన్నారు. మంచి అలవాటును ఎంత మప్పినా పాత అలవాటు అడ్డుతగులుతుందనే ప్రవర్తనావాద మనస్తత్వ శాస్త్రం దీనికి దన్నుగా నిలిచింది.

కార్డర్ వ్యాసం ఈ దృష్టిని తలకిందులు చేసింది. దోషం చెడ్డ అలవాటు కాదని, అభ్యాసకుడు తనకు అందిన ఇంగ్లీషు నుంచి తానే సూత్రాలు ఊహించుకుంటూ వాటిని పరీక్షిస్తున్నాడనడానికి సాక్ష్యమని ఆయన వాదించాడు. 1972లో లారీ సెలింకర్ ఈ మధ్యదశ భాషకు ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని పేరు పెట్టాడు. అది మాతృభాషా కాదు, పూర్తి ఇంగ్లీషూ కాదు. దానికంటూ సొంత వ్యాకరణం ఉంటుంది. ఆ వ్యాకరణంలో కొన్ని రూపాలు ఎన్నేళ్లయినా కదలకుండా గట్టిపడిపోతాయని కూడా సెలింకరే గుర్తించాడు. మూడు దశాబ్దాలు ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసిన అధికారి నోట్ ఫైల్లోనూ ‘ది’ తప్పిపోతూ ఉండటానికి ఇదే వివరణ.

1971లో జాక్ రిచర్డ్స్, వేర్వేరు మాతృభాషలవారు చేసే ఒకే రకం తప్పులను జాబితా కట్టి, ఇవి ఇంగ్లీషు లోపలి చిక్కుల నుంచే పుడుతున్నాయని చూపించాడు. హైడీ డ్యులే, మరీనా బర్ట్ పిల్లల మీద చేసిన అధ్యయనాలు ఇంకో అడుగు ముందుకు వేసి మాతృభాష పాత్ర చాలా స్వల్పమన్నాయి. లోలకం ఆ చివరకు వెళ్లింది. అక్కడ నిలవలేదు. 2016లో మురకామి, అలెక్సోపులు కేంబ్రిడ్జి పరీక్షల జవాబుపత్రాల కార్పస్‌ను, అంటే భండారాన్ని, పరిశీలించి, మాతృభాష ప్రభావం గట్టిదేనని, అయితే అది అన్ని రూపాల మీదా ఒకే మోతాదులో ఉండదని తేల్చారు. మాతృభాషలో ‘ఎ’, ‘ది’ వంటి ఆర్టికల్ లేనివారికి ఇంగ్లీషు ఆర్టికల్ విషయంలో ఆ ప్రభావం ప్రస్ఫుటంగా కనిపించింది.

ఈ మధ్యకాలంలో పద్ధతి కూడా మారింది. ఒక ఉపాధ్యాయుడు తన తరగతిలోని నలభై కాగితాలు చూసి సిద్ధాంతం చెప్పే రోజులు పోయి, కంప్యూటర్లో వెతకదగిన పెద్ద వ్యాస భండారాలు వచ్చాయి. బెల్జియంలోని లూవెన్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో సిల్వియాన్ గ్రాంజే నాయకత్వంలో 1990లో మొదలైన అంతర్జాతీయ అభ్యాసకుల ఇంగ్లీషు కార్పస్ వీటిలో ముఖ్యమైనది. అది 2002, 2009, 2020 సంవత్సరాల్లో మూడు విడతలుగా విడుదలైంది. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం తన విద్యార్థులు రాసిన సుమారు 1,400 వ్యాసాలను, పది లక్షలకు పైగా పదాలను, ఇంగ్లీషు బోధకుల చేత దిద్దించి, ప్రతి తప్పుకూ 28 రకాల్లో ఒక గుర్తు వేయించి 2013 నాటికి అందుబాటులోకి తెచ్చింది. అందులో అత్యధిక సంఖ్యలో ఉన్నవి ఆర్టికల్, నిర్దేశక పదాల తప్పులు, మొత్తంలో సుమారు 15 శాతం.

తెలుగు వాక్యం ఇంగ్లీషులోకి దిగినప్పుడు

తెలుగు మాధ్యమంలో చదివిన పదో తరగతి విద్యార్థి తన ఊరి గురించి రాసే వ్యాసం ఇలా ఉండవచ్చు. ఇది ఉదాహరణ కోసం అల్లిన పేరా: ‘ఇన్ అవర్ విలేజ్ వన్ బిగ్ ట్యాంక్ ఈజ్ దేర్. ఎవ్రీ డే మై గ్రాండ్‌ఫాదర్ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్ ఓక్లాక్ అండ్ గో టు ఫీల్డ్. లాస్ట్ ఇయర్ హి టోల్డ్ టు మీ దట్ ఐ విల్ షో యు ది ఫెయిర్. వి రీచ్డ్ టు ది టెంపుల్, వి సా ది గాడ్, వి ఏట్ స్వీట్స్, వి కేమ్ టు హోమ్.’

మొదటి వాక్యం వెనక ‘మా ఊళ్లో ఒక పెద్ద చెరువు ఉంది’ అనే తెలుగు వాక్యం యథాతథంగా కనిపిస్తుంది. స్థలం ముందు, వస్తువు తర్వాత, క్రియ చివర. ఇంగ్లీషులో ఇలాంటి ఉనికిని చెప్పే వాక్యం ‘దేర్ ఈజ్’ అని మొదలవుతుంది. ఆ ‘దేర్’కు ‘అక్కడ’ అనే అర్థం లేదు. కర్త స్థానం ఖాళీగా ఉండకూడదు కాబట్టి అక్కడ కూర్చుంటుంది, అంతే. తెలుగు వాక్యానికి కర్త స్థానం నింపాల్సిన అగత్యం లేదు. ‘వచ్చాను’ అంటే చాలు, క్రియ చివరి ‘ను’ కర్త ఎవరో చెప్పేస్తుంది. అందువల్ల తెలుగువాడు ‘దేర్’ను అసలైన స్థలవాచకంగా తీసుకుని క్రియ పక్కన వేస్తాడు. ‘వన్ ట్యాంక్’లోని ‘వన్’ మన ‘ఒక’.

రెండో వాక్యంలోని ‘విల్’ తెలుగువారి రాతలో తరచూ ఎదురయ్యే దోషం. తెలుగులో ‘రోజూ ఐదింటికి లేస్తాడు’ అన్నా ‘రేపు ఐదింటికి లేస్తాడు’ అన్నా క్రియారూపం ఒకటే. మన వ్యాకరణాలు తద్ధర్మం అనే నిత్యకృత్యం, భవిష్యత్తు రెండూ వాడుక భాషలో ఒకే ‘తా’ రూపంలో కలిసిపోయాయి. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. ‘స్తాడు’ అంటే ‘విల్’ అని ఒకసారి మనసులో ముడిపడిన తర్వాత, రైతులు వరి పండిస్తారని రాయాలన్నా, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని రాయాలన్నా ‘విల్’ వచ్చి పడుతుంది. పల్లె జీవితం, నా దినచర్య, మన పండుగలు వంటి వ్యాసాంశాలన్నీ నిత్యకృత్యాల వర్ణనే కాబట్టి ఈ ఒక్క దోషమే ఒక్కో పేజీలో పదిచోట్ల కనిపించవచ్చు. పదిచోట్ల దిద్దితే పది తప్పులు. నిజానికి తప్పు ఒక్కటే.

మూడో వాక్యం మరీ ఆసక్తికరం. తాత మనవడితో ‘నీకు తిరునాళ్లు చూపిస్తాను’ అన్నాడు. మనవడు రాసినదాన్ని ఇంగ్లీషు పాఠకుడు చదివితే మనవడే ఎవరికో చూపిస్తానన్నట్టు అర్థమవుతుంది. తెలుగులో ‘అని’ అనే మాట ఇతరుల మాటను దాదాపు అన్న రూపంలోనే వాక్యంలో ఇముడ్చుకుంటుంది. ‘రవి వస్తానని చెప్పాడు’ అన్నప్పుడు లోపలి క్రియ ఉత్తమ పురుషలోనే ఉంటుంది. అయినా ‘వచ్చేది రవి’ అని తెలుగువారెవరికీ సందేహం రాదు. ఇంగ్లీషు ‘దట్’ అలా కాదు. అది వచ్చిందంటే పురుష మారాలి, కాలం కూడా వెనక్కి జరగాలి. ‘దట్’ను ‘అని’కి సమానమనుకున్నవాడికి ఈ వాక్యంలో దోషం కనిపించనే కనిపించదు. పరోక్ష కథనాన్ని పాఠశాలలో అభ్యాసాల రూపంలో ఏళ్ల తరబడి చేయించినా సొంత వ్యాసంలో ఇది తిరిగి తలెత్తడానికి కారణం, అభ్యాసాల్లో దాన్ని మార్పిడి లెక్కగా నేర్పడమే గాని ‘అని’తో పోల్చి చెప్పకపోవడం.

అదే వాక్యంలో ‘టోల్డ్ టు మీ’, ఆ తర్వాత ‘రీచ్డ్ టు’, ‘కేమ్ టు హోమ్’ అన్నీ విభక్తి ప్రత్యయాల పని. ‘నాకు’, ‘గుడికి’, ‘ఇంటికి’ అనే మూటికీ ‘టు’ అంటగట్టారు. ఇదే తర్కంతో ‘నామీద కోపం’ కాస్తా ‘యాంగ్రీ ఆన్ మీ’ అవుతుంది. ‘ఆమెతో పెళ్లయింది’ అనేది ‘మ్యారీడ్ విత్ హర్’గా మారుతుంది. ‘గదిలోకి ప్రవేశించాడు’ అంటే ‘ఎంటర్డ్ ఇంటు ది రూమ్’. ఎదురు దిశలోనూ ఇదే జరుగుతుంది. ‘పాటలు వింటాను’లో ప్రత్యయం లేదు కాబట్టి ‘ఐ లిజన్ సాంగ్స్’ అని ‘టు’ ఎగిరిపోతుంది. ‘డిస్కస్ అబౌట్’ను తెలుగు వ్యాకరణం తెలిసినవారు మరో కోణంలో చూడవచ్చు. మన సంప్రదాయ వ్యాకరణం ‘ని, ను’లతో పాటు ‘గురించి’ని కూడా ద్వితీయా విభక్తిలోనే చేర్చింది. ఇంగ్లీషులో సూటిగా కర్మను తీసుకునే క్రియకు తెలుగువాడు ‘గురించి’ తగిలించడంలో ఓ పాత సామ్యం ఉంది. మాతృభాష ప్రతిసారీ అడ్డే రాదు. ‘అతని కోసం ఎదురుచూశాను’ అనే వాక్యం ‘ఫర్’ను సరైన చోటికే చేరుస్తుంది. అయితే ఒప్పయినచోట ఎవరూ కారణం వెతకరు కాబట్టి ఈ మేలు లెక్కలోకి రాదు.

చివరి వాక్యంలో నాలుగు పూర్తి వాక్యాలను కామాలతో గుచ్చారు. తెలుగులో ‘గుడికి చేరి, దేవుణ్ని చూసి, మిఠాయి తిని, ఇంటికొచ్చాం’ అని క్త్వార్థకాలతో ఎంత పొడవైనా అల్లవచ్చు. సమాపక క్రియ ఒక్కటే, అదీ చివరనే. ఇంగ్లీషులో ఆ సౌకర్యం పరిమితం. అల్లిక అలవాటు మిగిలి, అసమాపక రూపం లేక, పూర్తి వాక్యాలే కామాల మధ్య ఇరుక్కుంటాయి. ‘సా ది గాడ్’ అనేది మాత్రం వ్యాకరణ దోషం కాదు. దర్శనం చేసుకోవడాన్ని తెలుగువారు అలాగే అంటారు. దాన్ని ఎర్రసిరాతో కొట్టేసే ఉపాధ్యాయుడు వ్యాకరణాన్ని కాదు, ఊరి నమ్మకాన్ని దిద్దుతున్నట్టు.

ఈ పేరాలో లేని మరికొన్ని దోషాలు కూడా తెలుగు మూలం గలవే. ‘ఆయన మా మాస్టారు’ అనే వాక్యానికి క్రియ అక్కర్లేదు కాబట్టి తొలిదశలో ‘హి అవర్ టీచర్’ అని రాస్తారు. ‘నాన్నగారు వస్తున్నారు’లోని గౌరవ బహువచనం ‘మై ఫాదర్ ఆర్ కమింగ్’ అనిపించవచ్చు. పాలు, నీళ్లు తెలుగులో బహువచనాలు. అక్కడ ‘మిల్క్ ఆర్’ అని రావడం వింత కాదు.

ఆర్టికల్ విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెలుగులో ‘ఎ’, ‘ది’ వంటివి లేవని అనడం మామూలే. అది సగం నిజం. శ్రోతకు తెలిసిన వస్తువా, కొత్త వస్తువా అనే తేడాను తెలుగు ఇతర మార్గాల్లో చూపిస్తుంది. ‘పుస్తకం చదివాను’ అంటే ఏదో ఒక పుస్తకం కావచ్చు. ‘పుస్తకాన్ని చదివాను’ అంటే ముందే ప్రస్తావనకు వచ్చిన పుస్తకమని తోస్తుంది. పదక్రమం, ‘ఆ’, ‘ఒక’ కూడా ఈ పని చేస్తాయి. భావన ఉంది, దాన్ని ప్రతి నామవాచకం ముందూ తప్పనిసరిగా పలకాలనే నిబంధన లేదు. పలకకపోయినా అర్థం చెడదు కాబట్టి ‘షి ఈజ్ డాక్టర్’ అని రాసేస్తారు. వ్యాసం పొడవు పెరిగే కొద్దీ ఆర్టికల్ అవసరమయ్యే స్థానాలు వందల్లో ఉంటాయి, కనుక తప్పులూ ఎక్కువే కనిపిస్తాయి.

రాయకుండా తప్పించుకున్నవి

కాగితం మీద లేని దోషం కూడా ఒకటుంది. జాక్వెలిన్ షాక్టర్ 1974లో నాలుగు మాతృభాషలవారి ఇంగ్లీషు వ్యాసాల్లో ‘హూ’, ‘విచ్’, ‘దట్’లతో వచ్చే సంబంధ ఉపవాక్యాలను లెక్కపెట్టింది. పర్షియన్, అరబిక్ మాట్లాడేవారికంటే చైనీస్, జపనీస్ మాట్లాడేవారు తక్కువ తప్పులు చేశారు. కారణం ప్రావీణ్యం కాదు. వారు ఆ నిర్మాణాన్ని వాడిందే చాలా తక్కువ. వారి భాషల్లో విశేషణ ఉపవాక్యం నామవాచకానికి ముందు వస్తుంది, ఇంగ్లీషులో వెనక. తెలుగు కూడా ఈ విషయంలో జపనీస్ పక్షమే. ‘నిన్న మా ఇంటికి వచ్చిన అబ్బాయి’లో ‘వచ్చిన’ అనే ధాతుజ విశేషణం అబ్బాయి కంటే ముందుంటుంది, ‘హూ’కు సరిపడే మాట అసలు లేదు. తెలుగు విద్యార్థి ‘ఎ బాయ్ కేమ్ టు అవర్ హౌస్. హి ఈజ్ మై కజిన్’ అని రెండు చిన్న వాక్యాలు రాసి గట్టెక్కితే కాగితం మీద తప్పే ఉండదు. తప్పుల్లేని వ్యాసం మంచి వ్యాసమనే అంచనా ఇక్కడ దెబ్బతింటుంది. సాహసించి ‘ది బాయ్ విచ్ కేమ్’ అని రాసినవాడు ఇంగ్లీషులో ఒక మెట్టు పైనున్నా మార్కుల్లో కిందికి దిగుతాడు.

మాతృభాషతో సంబంధం లేనివి

తెలుగు క్రియ పురుషకూ వచనానికీ లింగానికీ తగ్గట్టు మారుతుంది: వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. ఇన్ని రూపాలను నాలుగేళ్లకే నేర్చిన తెలుగు పిల్లవాడికి ఇంగ్లీషు వర్తమానంలో మిగిలిన ఒకే ఒక్క ‘ఎస్’ చిటికెలో వచ్చేయాలి. రాదు. ‘మై గ్రాండ్‌ఫాదర్ టెల్ స్టోరీస్’ అని పదో తరగతిలోనూ రాస్తాడు. క్రియ ఏమాత్రం మారని చైనీస్ భాషవారూ ఈ తప్పే చేస్తారు. వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో ఈ ‘ఎస్’ ఆలస్యంగా పట్టుబడే రూపాల్లో ఒకటిగా తేలింది. కర్తను చెప్పాక ఆ ‘ఎస్’ కొత్త అర్థమేమీ చేర్చదు, చెవికీ లీలగానే వినిపిస్తుంది. భేదాత్మక విశ్లేషణకు ఇది గట్టి ఎదురు సాక్ష్యం.

‘డిడ్ నాట్ వెంట్’ కూడా ఇంతే. భూతకాలాన్ని రెండుచోట్ల సూచించడం ఇది. తెలుగు ‘వెళ్లలేదు’లో భూతకాల ప్రత్యయమే లేదు, కాబట్టి తెలుగును నిందించడానికి లేదు. ‘మోర్ బెటర్’లో తారతమ్యాన్ని రెండుసార్లు చెప్పడం, ‘ఐ యామ్ అగ్రీ’లో అక్కర్లేని ‘యామ్’ ఇదే కోవలోవి. ‘ఇన్ఫర్మేషన్స్’, ‘ఫర్నిచర్స్’, ‘ఎక్విప్‌మెంట్స్’ అనేవి బహువచన సూత్రాన్ని అతివ్యాప్తి చేయడం వల్ల పుట్టినవి. ‘వన్ ఆఫ్ మై ఫ్రెండ్’ మరీ విచిత్రం. ‘నా స్నేహితుల్లో ఒకడు’ అని తెలుగులో బహువచనం చక్కగా ఉంది. అయినా ఇంగ్లీషులో ‘వన్’ చూడగానే ఏకవచనం వేయాలనే తొందర దాన్ని మింగేస్తుంది.

మరికొన్నిటికి తరగతి గదే మూలం. అచ్చుల ముందు ‘ఎన్’ రాయాలని అక్షరాల పరంగా నేర్పితే ‘ఎన్ యూనివర్సిటీ’, ‘ఎ అవర్’ రాస్తారు. నియమం ధ్వనికి సంబంధించినది, అక్షరానికి కాదు. పేరుపొందిన వాటి ముందు, ఒక్కటే ఉన్నవాటి ముందు ‘ది’ రావాలని బట్టీ వేయిస్తే ‘ది నేచర్’, ‘ది సొసైటీ’ పుట్టుకొస్తాయి. గైడ్ల నుంచి కంఠస్థం చేసిన వ్యాసాల్లో దోషాల తీరే వేరు. నాలుగు నిర్దుష్టమైన వాక్యాల తర్వాత జ్ఞాపకం తెగినచోట ఒక వాక్యం కుప్పకూలుతుంది. అక్కడినుంచి విద్యార్థి సొంత ఇంగ్లీషు మొదలవుతుంది. దిద్దేవారికి ఆ అతుకు ఇట్టే తెలిసిపోతుంది.

దోషమా, దేశీయ రూపమా

‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’, ‘టుడే ఇట్‌సెల్ఫ్’ వంటివి లండన్‌లో దోషాలు. హైదరాబాదులో చదువుకున్నవారి నోట రోజూ వినిపించేవి. కాశ్మీరులో పుట్టి అమెరికాలో స్థిరపడిన భాషావేత్త బ్రజ్ కచ్రు, భారతీయ ఇంగ్లీషుకు తనవైన నియమాలున్నాయని, దాన్ని చెడిన బ్రిటిష్ ఇంగ్లీషుగా చూడరాదని వాదించాడు. ఈ లెక్కన భారతదేశంలో ఇంగ్లీషు పరాయి భాష కాదు, రెండో భాష. ఆదిలాబాద్ అడవి అంచు బడిలో చదివే పిల్లకు ఆ మాట ఎంతవరకు వర్తిస్తుందనేది వేరే ప్రశ్న. ఆమెకు బడి గంటల బయట ఇంగ్లీషు వినిపించే అవకాశం అంతంతమాత్రమే.

ఈ విషయంలో అనుకోని సాక్ష్యం టోఫెల్ పరీక్ష నుంచి వచ్చింది. అమెరికాకు చెందిన ఈటీఎస్ సంస్థ 11 మాతృభాషలవారు రాసిన 12,100 వ్యాసాలను, భాషకు 1,100 చొప్పున, ‘టోఫెల్11’ పేరుతో పరిశోధకులకు ఇచ్చింది. తెలుగు అందులో ఒకటి. భారతీయ భాషల్లో హిందీ, తెలుగు మాత్రమే ఉన్నాయి. వ్యాసం చదివి రాసినవారి మాతృభాష ఏదో కంప్యూటర్ చెప్పాలని 2013లో పోటీ పెడితే 29 బృందాలు పాల్గొన్నాయి. అత్యుత్తమ బృందం 83.6 శాతం వ్యాసాలను సరిగా గుర్తించింది. యంత్రాలు అన్నిటికంటే ఎక్కువగా తికమకపడిన జంట హిందీ, తెలుగు. భాషాశాస్త్రం ప్రకారం ఈ రెండూ వేర్వేరు కుటుంబాలు. హిందీకి ఫ్రెంచి, జర్మన్ దూరపు చుట్టాలు గాని తెలుగు కాదు. ఒకే తరహా పాఠ్యపుస్తకాలు, ఒకే తరహా ఉపాధ్యాయులు, ఒకే భారతీయ ఇంగ్లీషు వాతావరణం ఆ రెండు రాతలనూ దగ్గర చేశాయనడమే సబబైన వివరణ. తెలుగు వ్యాసంలోని ప్రతి వింతనూ తెలుగు వ్యాకరణానికి అంటగట్టేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

తూకం, దిద్దుబాటు

దోషాలన్నిటి బరువూ ఒకటి కాదు. వాక్యం మొత్తాన్ని దెబ్బతీసి అర్థాన్ని మార్చేవాటిని సార్వత్రిక దోషాలని, ఒక మూలన ఉండి అర్థానికి అడ్డురానివాటిని స్థానిక దోషాలని 1970ల్లో బర్ట్, కిపార్‌స్కీ విడదీశారు. ‘హి టోల్డ్ దట్ ఐ విల్ షో’ మొదటి కోవ. జారిపోయిన ‘ఎస్’ రెండోది. ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్షలో నాలుగు సమాన ప్రమాణాల్లో ఒకటైన వ్యాకరణానికి మార్కులు వేసేటప్పుడు నిర్దుష్టతతో పాటు వాక్య నిర్మాణాల వైవిధ్యాన్నీ చూస్తారు. తప్పించుకుని చిన్న వాక్యాలు రాసినవారికి అక్కడ పూర్తి మార్కులు దక్కవు.

ఇక దిద్దడం వల్ల ప్రయోజనముందా అన్న ప్రశ్న మీద పెద్ద వివాదమే నడిచింది. 1996లో జాన్ ట్రస్కాట్, వ్యాసాల్లో వ్యాకరణ దిద్దుబాటు పనికిరాదని, పైగా హాని చేస్తుందని, మానేయాలని రాశాడు. దిద్దుతారని భయపడే విద్యార్థి చిన్న, సురక్షితమైన వాక్యాలకే పరిమితమవుతాడన్నది ఆయన వాదాల్లో ఒకటి. 1999లో డేనా ఫెరిస్ దీన్ని ఖండించింది. దిద్దుబాట్లన్నీ ఒకటి కావని, స్పష్టంగా, ఎంపిక చేసి దిద్దితే ఫలితముంటుందని ఆమె జవాబు. ఆ తర్వాత న్యూజీలాండ్‌లో బిచెనర్, నాక్ చేసిన పది నెలల అధ్యయనంలో ఆర్టికల్‌కు సంబంధించిన రెండు ఉపయోగాల మీద మాత్రమే దృష్టి పెట్టి దిద్దారు. మొదటి ప్రస్తావనకు ‘ఎ’, మళ్లీ చెప్పినప్పుడు ‘ది’. దిద్దుబాటు పొందినవారు పొందనివారికంటే మెరుగ్గా రాశారు, ఆ మెరుగు నిలిచింది కూడా. దక్షిణ భారతంలో ఎన్. ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు మరో దారి పట్టింది. అక్కడ పిల్లల ధ్యాస చేసే పని మీద ఉండాలి గాని రూపం మీద కాదు. తప్పు ఎదురైతే పనికి అడ్డురాకుండా సరైన రూపం అందించి ముందుకు సాగేవారు.

నిండుగా ఎర్రసిరా పులిమిన కాగితం విద్యార్థికి ఏమీ నేర్పదన్న విషయంలో ఇరుపక్షాలకూ పెద్ద తేడా లేదు. తెలుగు తరగతిలో ‘విల్’, ‘అని’, ‘ఈజ్ దేర్’ వంటి ఒకటి రెండు దోషాలను ఒక్కో వ్యాసానికి ఎంచుకుని, తెలుగు వాక్యాన్ని పక్కన రాసి చూపడం అరవైమంది కాగితాలు దిద్దే ఉపాధ్యాయుడికి కూడా సాధ్యమయ్యే పని.

యంత్రాల తీర్పు

వ్యాసాలను యంత్రం చేత దిద్దించే ప్రయత్నాలు సింగపూర్ కార్పస్‌తో ఊపందుకున్నాయి. దాని ఆధారంగా 2013లో ఐదు రకాల దోషాలకు, 2014లో మొత్తం 28 రకాలకు అంతర్జాతీయ పోటీలు జరిగాయి. రెండో పోటీలో, తప్పును వదిలేయడం కంటే సరైనదాన్ని తప్పని దిద్దడాన్ని పెద్ద నేరంగా లెక్కించే కొలమానం వాడారు. అందులో ప్రథమ స్థానం కేంబ్రిడ్జి బృందానిది. దానికి వచ్చింది వందకు 37.33. తర్వాతి పదేళ్లలో న్యూరల్ నమూనాలు ఆ అంకెను చాలా వెనక్కి నెట్టాయి. అయితే వంద అనేది ఎవరికీ అందే అంకె కాదు. అదే పోటీలోని 50 వ్యాసాలను పదిమంది మనుషులు విడివిడిగా దిద్దినప్పుడు ఏది తప్పో, దాన్నెలా దిద్దాలో వారిలో వారికే కుదరలేదు. ఒకరి దిద్దుబాటును మిగిలిన తొమ్మిదిమందితో పోల్చి అదే కొలమానంతో కొలిస్తే మనుషులకు వచ్చిన సగటు సుమారు 73.